మూడోసారి అడగని మాట

నిన్న సాయంత్రం సోల్వెగ్ సర్ది పెట్టిన సూట్‌కేసు ఇవాళ పొద్దున్నకి ఖాళీ అయిపోయింది. ఉన్ని స్వెటర్లు మళ్లీ బీరువాలోకి, మాత్రల డబ్బా మళ్లీ కిటికీ గట్టు మీదికి, సూట్‌కేసు మంచం కిందికి చేరుకున్నాయి. ఆర్డిస్ మాత్రం ఏమీ ఎరగనట్టు వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాఫీ పోస్తోంది. ఆమె ముక్కుకి తగిలించిన సన్నటి గొట్టం నేల మీదుగా వెళ్లి మూలనున్న ఆక్సిజన్ మిషనులో కలిసింది. ఆ మిషను గురకపెట్టే మనిషిలా ఒకే తీరున మోగుతోంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"కాఫీ. చల్లారకముందే తాగు."

"నేనడిగేది సూట్‌కేసు సంగతి."

"దానికేం? మంచం కింద ఉంది. దాని చోటే అది."

సోల్వెగ్ కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారి మీద కోపం రాకూడదని దారంతా అనుకుంటూనే వచ్చింది. అనుకున్నంత మాత్రాన ఆగితే అది కోపమెందుకవుతుంది?

"ఇవాళ తుఫాను వస్తోంది. మీరు టౌన్‌కి, మా ఇంటికి వచ్చేయండి. మిషను కరెంటు మీద నడిచేది. ఈ పొలాల చివర కరెంటు పోతే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి."

"పొద్దున రేడియోలో నీ మాటే చెప్పారు. నదికి తూర్పున గడ్డకట్టే వాన, పడమట ఉత్త మంచు అని. మనది పడమరేగా?"

"పడమరే."

"మరింకేం? మంచు నాకు కొత్తా? ఈ ఇంటికి కాపురానికొచ్చిన ఏడు తలుపు తెరుచుకోక కిటికీలోంచి దిగాను."

"మంచైతే నాకూ ఇంత భయం లేదు. అది తీగ మీద నిలవదు, రాలిపోతుంది. వాన వచ్చి తీగని తాకి గడ్డకడితేనే చిక్కు. పైన గాలి వెచ్చగా ఉండి కింద నేల చల్లగా ఉందా, అయిపోయినట్టే. వేలంత తీగ చెయ్యంత లావవుతుంది. దానికి గాలి తోడైతే తీగలు గుర్రాల్లా గెంతుతాయి. ఒక స్తంభం పడిందా, పక్కదాన్ని కూడా లాక్కుని పడుతుంది."

"అదంతా తూర్పున కదా?"

"పదింట ఏడు పాళ్లు తూర్పునే."

"మిగతా మూడు?"

"ఆ మూడింటి కోసమే మిమ్మల్ని రమ్మంటున్నా."

ఆర్డిస్ చక్కెర గిన్నెను ఇటు జరిపి, మళ్లీ అటు జరిపింది.

సోల్వెగ్ ఉద్యోగం మా కౌంటీ కరెంటు సహకార సంఘంలో. తుఫాను రాకముందే అది ఎక్కడ ఏ తీగను తెంపుతుందో అంచనా కట్టాలి. లారీల్నీ, మనుషుల్నీ ముందే అక్కడికి చేర్పించాలి. దారులు గడ్డకట్టాక ఏ లారీ కదలదు గనక, తుఫాను కంటే ముందే వెళ్లి దానికోసం కాచుకోవాలి. ఆమె మొగుడు లోవెల్ అదే సంఘంలో లైన్‌మన్ల పెద్ద. అంటే, పెళ్లాం చూపించిన చోటికి వెళ్లి మొగుడు స్తంభం ఎక్కాలి. ఏ సంసారంలోనైనా ఇది కొరివితో తల గోక్కోవడమే.

ఆ లోవెలే ఇప్పుడు బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. తల్లి చెంప మీద ముద్దుపెట్టాడు. పెళ్లాం వైపు చూడకుండా కాఫీ కప్పు అందుకున్నాడు.

"నువ్వైనా చెప్పు లోవెల్, రమ్మని."

"అమ్మ రానంటోందిగా."

"రానంటే వదిలేస్తామా?"

"నన్నొకటి అడగనీ." లోవెల్ కప్పు దించాడు. "ఆఫీసులో తుఫాను తూర్పునంటావు. నా మనుషులందర్నీ నది దాటించి తూర్పున పెట్టమన్నావు. ఇంటికొచ్చి పడమర ప్రమాదమంటావు. నీ తుఫాను ఆఫీసులో ఒకటీ, ఇంట్లో ఒకటీనా?"

"తుఫాను ఒకటే. ఉన్న లారీలు కొన్నే. అన్ని చోట్లా పెట్టలేం కాబట్టి ఎక్కువ అవకాశం ఉన్న చోట పెడతాం. ఆస్పత్రి అక్కడుంది, ముసలివాళ్ల ఆశ్రమం అక్కడుంది. కానీ మీ అమ్మ ఒక్కతే కదా? ఒక్క మనిషిని మూడు పాళ్ల మీద వదిలెయ్యలేను."

"కిందటిసారీ ఇలాగే చెప్పావు."

అది అనకుండా ఉండాల్సిన మాట. అన్నాక లోవెల్‌కీ తెలిసింది. కిందటి నెల సోల్వెగ్ గడ్డకట్టే వాన వస్తుందని చెబితే పక్క కౌంటీ లైన్‌మన్లు లారీల్లో దిగారు. వచ్చింది ఉత్త చినుకు. వాళ్లు చర్చి నేలమాళిగలో కూర్చుని, ఆడవాళ్లు వండిన, హాట్‌డిష్ అనే బంగాళాదుంపల వంటకం రెండు పూటలా తిని, చేతులు తుడుచుకుని వెళ్లిపోయారు. అప్పటినుంచి ఊళ్లో దానికి హాట్‌డిష్ తుఫానని పేరు.

"ఏడు పాళ్లన్నాను. మూడు పాళ్లు జరిగింది. అది అబద్ధం చెప్పడమా?"

"నేనలా అన్లేదు."

"నీ మనుషులు అంటారు. నువ్వు వింటావు. నవ్వుతావు కూడా."

లోవెల్ ముఖం ఎర్రబడింది. ఆర్డిస్ లేచి, గొట్టాన్ని కాలికి తగలకుండా తప్పించుకుంటూ వెళ్లి, ఎవరూ అడగని లెఫ్సె రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మా వైపు తల్లులు ఇల్లు అంటుకున్నా ముందు తినడానికేదో పెడతారు.

"నా గురించి మీరు పోట్లాడుకోకండి. నేను బాగానే ఉన్నాను."

"సరే!" సోల్వెగ్ లేచి నిలబడింది. "నిన్న అడిగాను, ఇవాళ అడిగాను. ఇక అడగను."

ఆర్డిస్ చెయ్యి రొట్టెల పళ్లెం మీదే ఆగిపోయింది.

మా వైపు మర్యాద ఒకటుంది. ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి, అది సంస్కారం. రెండోసారీ వద్దనాలి, అది పెంపకం. మూడోసారి అడిగితేనే మనసులో మాట బయటికొస్తుంది. మొహమాటానికి పోయి మునిగినవాళ్లున్నారు గానీ, రెండోసారికే సరేనన్నవాళ్లు మా ఊరి శ్మశానంలో కూడా లేరు. ఇక్కడే పుట్టి పెరిగిన సోల్వెగ్ ఆ సంగతి కోపంలో మరిచిపోయింది.

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "కనీసం ఆఫీసు నుంచి ఫోనైనా వచ్చిందా? మిషన్లున్న ఇళ్లన్నిటికీ చెయ్యమని చెప్పాను."

"వచ్చింది. ఎవరో కొత్తపిల్ల. పెద్ద బ్యాటరీ తెచ్చిపెట్టమంటారా అంది. నాకెందుకమ్మా, నాకంటే అవసరమున్నవాళ్లుంటారు, వాళ్లకివ్వు అన్నాను."

"అంటే?"

"సరేనంది." ఆర్డిస్ గొంతు సన్నబడింది. "ఒక్కసారే అడిగింది, సోల్వెగ్. ఒక్కసారి! ఆ పిల్లది ఏ ఊరో ఏమో."

ఆ పిల్లది ఎక్కడో దక్షిణాన అరిజోనా. పేరు డెలియా. పొద్దున ఆఫీసులో ఎదురొచ్చి, అందరూ బాగానే ఉన్నామన్నారండీ, ఎవరికీ బ్యాటరీ అక్కర్లేదట అని సంతోషంగా చెప్పింది. ఆ మాట విని సోల్వెగ్ కూడా తలూపింది.

"ఎక్కడికే?" అన్నాడు లోవెల్.

సోల్వెగ్ అప్పటికే కారెక్కింది.

*

"మళ్లీ చెయ్యి" అంది సోల్వెగ్.

డెలియా కళ్లు పెద్దవి చేసింది. "వద్దన్నారు కదండీ?"

"వద్దంటే మళ్లీ అడుగు. మళ్లీ వద్దంటే ఆవులెలా ఉన్నాయో, మోకాలెలా ఉందో అడుగు. అప్పుడు మూడోసారి అడుగు."

"వద్దంటే వద్దనే కదా అర్థం?"

"మీ ఊళ్లో. ఇక్కడ కాదు."

డెలియా ఫోన్ అందుకుంది. సోల్వెగ్ మేనేజరు గదిలోకి వెళ్లింది. వెండెల్ గారు పెద్దమనిషి. చర్చిలో కూడా వెనక వరుసలో, అంచున కూర్చుంటారు, ఎవరికైనా చోటు కావాలేమోనని. ఇప్పుడాయన కిటికీలోంచి ఆకాశం కేసి చూస్తున్నారు.

"కొత్త అంచనాలొచ్చాయి వెండెల్ గారూ. వాన అనుకున్నదానికంటే ముందే మొదలవుతుంది. చీకటిపడకముందే. పక్క సంఘం నుంచి డెల్బర్ట్ గారి లారీలు బయల్దేరాయా?"

వెండెల్ గొంతు సవరించుకున్నారు. "పొద్దున ఫోన్ చేశాడు. మనుషులేమైనా కావాలా అన్నాడు. మేం ఎలాగో నెట్టుకొస్తాంలే అన్నాను."

సోల్వెగ్ తల పట్టుకుంది. "మళ్లీ చేశారా ఆయన?"

"అదే చూస్తున్నా. చెయ్యాలి కదా?"

"ఆయనా మీలాంటివారే. వాళ్లకి అక్కర్లేదేమో, మళ్లీ అడిగితే బాగుండదేమో అనుకుని కూర్చునుంటారు. మధ్యాహ్నం దాటితే వంతెన గడ్డకడుతుంది. ఆ తర్వాత మీరు కాళ్లు పట్టుకున్నా ఎవరూ రాలేరు."

"ఈసారి తప్పకుండా వస్తుందా, నీ వాన?"

"తప్పకుండా అని నేనెప్పుడూ చెప్పలేను. పదింట ఏడు."

"కిందటిసారీ ఏడే."

"అవును. డాక్టరు ఏడు పాళ్లు ప్రమాదమంటే మీరు మూడు పాళ్ల ధైర్యంతో ఇంట్లో కూర్చుంటారా? మళ్లీ హాట్‌డిష్ తిని వెళ్లిపోతే పోనివ్వండి. లారీలు ఊరికే నిలబడ్డాయంటే అది మన అదృష్టం. నన్ను చూసి నవ్వండి, ఫర్వాలేదు."

వెండెల్ ఆమె కేసి చూసి, ఇక మాట్లాడకుండా ఫోన్ తీశారు.

"డెల్బర్ట్! బాగున్నావా? ఆఁ, చలేగా. మీ ఆవిడ తుంటి ఎలా ఉంది? మంచిదే, మంచిదే. కొత్త ట్రాక్టరు కొన్నావటగా. ఆకుపచ్చదేనా?"

సోల్వెగ్ గడియారం కేసి చూసింది. వెండెల్ ట్రాక్టరు నుంచి మనవడి హాకీకీ, హాకీ నుంచి చెరువు మీద గడ్డ ఎంత మందం కట్టిందో అన్నదానికీ వెళ్లారు. అసలు మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లిపోతోంది. నుదుటి మీద చెమట పట్టింది. పాపం, జన్మలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి.

సోల్వెగ్ చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"డెల్బర్ట్ గారూ, నేను సోల్వెగ్‌ని. మాకు మీ మనుషులు కావాలి. ఇప్పుడే కావాలి. నదికి తూర్పున."

వెండెల్ కళ్లు మూసుకున్నారు.

"అబ్బ!" అన్నాడు డెల్బర్ట్. "ఎవరో ఒకరు అడిగారు. పొద్దున్నుంచి మావాళ్లు బూట్లు విప్పకుండా కూర్చున్నారమ్మా. బయల్దేరదీస్తున్నా."

వెండెల్ కుర్చీలో కూలబడి, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. "నువ్వు మహా మోటుమనిషివి, సోల్వెగ్" అన్నారు మెల్లగా. మా వైపు అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

మధ్యాహ్నానికి లారీలన్నీ నది దాటాయి. ట్యాంకుల్లో డీజిల్ నిండింది. ఆశ్రమానికి జనరేటరు చేరింది. లోవెల్ తన మనుషులతో తూర్పున నిలబడ్డాడు. వెళ్తూ ఆఫీసు గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు గానీ, ఏమీ అనకుండానే వెళ్లిపోయాడు. సోల్వెగ్ కూడా పిలవలేదు.

బయట గదిలో డెలియా ఇంకా ఫోన్ మీదే ఉంది. "ఆవులు బాగున్నాయా అండీ? సంతోషం. మరి బ్యాటరీ పంపమంటారా? మూడోసారి అడుగుతున్నాను." అవతలివాళ్లు ఏదో అన్నారు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. చేత్తో ఫోన్ మూసి సోల్వెగ్‌తో గుసగుసగా అంది. "మీకు శ్రమ కాకపోతే పంపండి అన్నారు! ఏడుస్తున్నట్టున్నారు కూడా."

సోల్వెగ్ నవ్వబోయి ఆగిపోయింది. ఇక అడగను అని తనే అనలేదూ? ఊరందర్నీ మూడోసారి అడగమని చెప్పింది. ఇంట్లో మనిషిని రెండుసార్లకే వదిలేసి వచ్చింది.

*

పొలాల దారిలో కారు మెల్లగానే నడుస్తోంది. ఆఫీసులో ఉన్న బ్యాటరీలన్నీ మూడోసారికి సరేనన్నవాళ్ల ఇళ్లకి వెళ్లిపోయాయి. మూడు కాకుండానే వెలుగు పల్చబడింది. ఆర్డిస్ ఇంట్లో వంటింటి దీపం దూరానికే కనిపించింది. ఆ దీపం చూశాక సోల్వెగ్ ఊపిరి తేలికపడింది.

తలుపు తోస్తే, ఎదురుగానే కుర్చీలో ఆర్డిస్ కూర్చుని ఉంది. చర్చికెళ్లే కోటు వేసుకుంది. గుండీలన్నీ పెట్టుకుంది. తలకి రుమాలు కట్టుకుంది. మోకాలి పక్కన సూట్‌కేసు. దాని మీద ఫ్లాస్కు. మిషను గొట్టం కోటు కాలరు కిందనుంచి బయటికొచ్చింది.

"ఇటేదైనా పని మీద వచ్చావా?" అంది ఆర్డిస్.

"మీ కోసమే వచ్చాను. మాతో వస్తారా అత్తయ్యా?"

ఆర్డిస్ కిటికీ కేసి చూసింది. రుమాలు ముడి సర్దుకుంది.

"ఇంత దూరం వచ్చావు. నీకు ఇబ్బంది కాకపోతే..."

సోల్వెగ్ ఆ కుర్చీ ముందు నేల మీదే కూర్చుండిపోయి, ఆమె ఒడిలో మొహం పెట్టుకుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈ మనిషి ఎప్పటినుంచి కోటు వేసుకుని కూర్చుందో? అడగకపోయి ఉంటే రాత్రంతా అలాగే కూర్చునేదేమో! ఆర్డిస్ ఆమె జుట్టు మీద చెయ్యి వేసి నిమిరింది.

"పొద్దున అలా అనేసి వెళ్లావు. నాకు భయమేసింది."

"క్షమించండి."

"ఊరుకో. కాఫీ వేడిగా ఉంది, తాగి వెళ్దాం."

అప్పుడు వినిపించింది, కిటికీ అద్దం మీద చప్పుడు. చిటుక్కు, చిటుక్కు. మంచు పడితే చప్పుడు కాదు.

సోల్వెగ్ లేచి వరండాలోకి వెళ్లింది. మెట్ల పక్క కమ్మీ మీద చెయ్యి వేసింది. అప్పుడే కడిగిన గాజులా నునుపుగా తగిలింది. వాన. మంచు కురవాల్సిన చోట వాన కురుస్తోంది, కురిసింది కురిసినట్టే గడ్డకడుతోంది. దారి పొడుగునా తీగలు మెరుస్తున్నాయి. గాలి లేస్తే దూరంగా ఒక తీగ గెంతింది.

మూడు పాళ్లు, అనుకుంది. ఆ మూడు పాళ్లే వచ్చి తన గుమ్మంలో నిలబడ్డాయి.

వెనక వంటింటి దీపం ఆరిపోయింది. మిషను ఒక్కసారి కీచుమని అరిచి, మోత ఆపేసింది.

"అత్తయ్యా! వాడకుండా దాచిన సిలిండరుందిగా, ఎక్కడ?"

చీకట్లో ఆర్డిస్ ఫ్లాస్కు మూత బిగించింది.

"హార్లన్‌కిచ్చాను. ఆదివారం చర్చి అయ్యాక. వాళ్లింట్లో లేదుట. వద్దు వద్దన్నాడు పాపం, మూడోసారికి గానీ తీసుకోలేదు."

హార్లన్ ఇల్లు పొలం అవతల. మామూలు రోజైతే కారులో ఎంతసేపని? కానీ కారు చక్రాల కింద నేలంతా అద్దమైపోతోంది. సోల్వెగ్ అత్తగారి చెయ్యి పట్టుకుంది. గోళ్లు చల్లబడుతున్నాయి. ఆర్డిస్ మెల్లగా, లెక్కపెట్టుకుంటున్నట్టు ఊపిరి పీలుస్తోంది.

ఫోన్ మోగింది. లోవెల్.

"సోల్వెగ్, ఇక్కడ ఉత్త వాన. తీగ మీద చుక్క నిలవడం లేదు. డెల్బర్ట్ మనుషులు అప్పుడే చర్చిలో భోజనమెప్పుడని అడుగుతున్నారు." ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు. "అటేమైనా మారిందా? ఆఫీసులో లేవట. ఎక్కడున్నావ్?"

సోల్వెగ్ లెక్క వేసుకుంటోంది. ఇది తుఫాను అంచు మాత్రమేనా, లేక మొత్తం పడమటికి జరిగిందా? అంచైతే చలిగాలి మళ్లీ తూర్పుకే తిరుగుతుంది. ఆస్పత్రి మీదికి, ఆశ్రమం మీదికి. లారీలన్నీ ఇటు దాటాక వంతెన గడ్డకడితే అక్కడ ఒక్క మనిషీ ఉండడు. పోనీ అక్కడే ఉంచితే? ఇటు మనుషులెంతమంది ఇలాగే కోట్లు వేసుకుని కూర్చున్నారో. రప్పిస్తే, అత్తగారి కోసం రప్పించిందని ఊరంతా అంటుంది. ఆ మాటలో ఎంత నిజముందో ఆమెకే తెలియడం లేదు.

"అమ్మ బాగానే ఉందా?" అన్నాడు లోవెల్.

సోల్వెగ్ కళ్లు మూసుకుంది.

"సోల్వెగ్, వంతెన మీద గడ్డకట్టకుండా ఉప్పు చల్లేవాడు వెళ్లిపోతున్నాడు. మూడుసార్లు అడిగే వ్యవధి లేదు. ఒక్కసారే అడుగుతున్నా. నువ్వెక్కడంటే అక్కడుంటాం. హాట్‌డిష్ అయినా సరే, ఎవడు నవ్వినా సరే. ఎటు రమ్మంటావ్?"

చీకట్లో ఆర్డిస్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య చోటు చూసుకుని, అంది.

"నాకేం కాదని చెప్పు. నాకంటే అవసరమున్నవాళ్లుంటారు."

మా వైపు లెక్కలో, ఈసారి ఆవిడ వద్దనడం అది మొదటిసారి.